తొమ్మిదో తరగతి గణితం పరీక్ష వాయిదా గురించి తల్లిదండ్రులకు లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

తొమ్మిదో తరగతి గణితం అర్ధ సంవత్సర పరీక్ష ఎందుకు వాయిదా పడిందన్న విషయం మీద మీ వాట్సాప్ గ్రూపుల్లో వారం రోజులుగా చర్చ సాగుతోందని తెలిసింది. వాటిలో కొన్ని కథనాలు నా దాకా వచ్చాయి. అవి చదివాక, ఇంత జరిగింది మన బడిలోనేనా అని నాకే సందేహం కలిగింది. వాస్తవానికి జరిగింది చాలా చిన్న సంగతి. ప్రశ్నపత్రాలు జిరాక్స్ తీస్తున్నప్పుడు అచ్చు సరిగా పడని ఒక కాగితాన్ని చించకుండానే చెత్తబుట్టలో వేశారు. పరీక్షకు ముందురోజు సాయంత్రం అది నలుగురు విద్యార్థుల కంటబడింది. మర్నాడు ప్రార్థన గంట కొట్టకముందే వారిలో ఇద్దరు ఆ కాగితాన్ని గణితం ఉపాధ్యాయుడి చేతికిచ్చి, తాము చూశామని కూడా చెప్పారు. ఆయన నేరుగా నా గదికి వచ్చారు. పరీక్ష ఆపించి, కొత్త ప్రశ్నపత్రం తయారు చేయించాము.

ఆ నలుగురి పేర్లు వెల్లడించాలని, కాగితం పారేసిన ఉద్యోగిని తొలగించాలని, స్టాఫ్ రూములోనూ సీసీ కెమెరాలు బిగించాలని మీలో కొందరు రాశారు. మీ ఆందోళన నాకు అర్థమైంది. అయినా పేర్లు చెప్పను. చెప్పిన మరుక్షణం నుంచి ఈ బడిలో ఏ పిల్లవాడూ, ఏ ఉద్యోగీ తనంతట తానుగా వచ్చి ఒక పొరపాటును బయటపెట్టడు. ఆ ఉద్యోగి ఆ ఉదయమే స్టాఫ్ రూములోని పొరపాట్ల పుస్తకంలో జరిగినదంతా తన చేతివ్రాతతో రాసి సంతకం చేశారు. ఇకపై ప్రశ్నపత్రాల నకళ్లు తీసే చోట ఇద్దరు ఉండాలని, పాడైన కాగితాలను అక్కడికక్కడే చించివేయాలని నియమం పెట్టాము. ఆ నియమాన్ని సూచించినది కూడా ఆయనే. తెలిసి చేసిన మోసానికీ తెలియక జరిగిన తప్పిదానికీ ఈ బడిలో ఒకే శిక్ష ఉండదు. తెలిసి చేసిన మోసాన్ని మేము ఎన్నడూ ఉపేక్షించలేదు.

పొరపాట్ల పుస్తకం ఎందుకని అడిగేవారికి ఒక విమాన ప్రమాదం గురించి చెప్పాలి. 1974 డిసెంబరు 1న అమెరికాలో వాషింగ్టన్ సమీపంలోని డల్లెస్ విమానాశ్రయంలో దిగబోతున్న ఒక విమానం కొండను ఢీకొని, అందులోని 92 మందీ చనిపోయారు. దిగే మార్గానికి అనుమతి ఇస్తూ నియంత్రణ కేంద్రం చెప్పిన మాటను పైలట్లు ఒక విధంగా, కేంద్రం మరొక విధంగా అర్థం చేసుకోవడం దీనికి ముఖ్య కారణం. మనసును కలచివేసే విషయమేమిటంటే, అంతకు సుమారు ఆరు వారాల ముందే మరో సంస్థ విమానం అదే చోట, అదే అపార్థం వల్ల కొండకు తగలబోయి తృటిలో తప్పించుకుంది. ఆ సంస్థ తన పైలట్లను హెచ్చరించింది కూడా. కానీ ఆ హెచ్చరిక మిగతా సంస్థల పైలట్లకు చేరే దారి అప్పట్లో లేదు. ప్రమాదం తరువాత, ఇలాంటి సంగతులు తమకు తెలియజేయమని విమానయాన నియంత్రణ సంస్థ పైలట్లను కోరితే వారు వెనుకాడారు. లైసెన్సు రద్దు చేయగల అధికారికే తన తప్పు చెప్పుకోవడానికి ఎవరికి ధైర్యం వస్తుంది? అందుకే 1976లో ఆ బాధ్యతను శిక్షించే అధికారం లేని నాసాకు అప్పగించారు. నాసా ఆ నివేదికల్లోంచి పేర్లు తొలగించి, పాఠాన్ని మాత్రమే అందరికీ పంచుతుంది. ఉద్దేశపూర్వకం కాని ఉల్లంఘనను పది రోజుల్లోగా తెలియజేసినవారికి, నేరమో ప్రమాదమో జరిగిన సందర్భాల్లో తప్ప, సాధారణంగా జరిమానా గానీ లైసెన్సు నిలుపుదల గానీ ఉండదు. ఇప్పటివరకు లక్షల సంఖ్యలో నివేదికలు రావడానికి ఈ హామీ ఒక ముఖ్య కారణం. అన్ని గదుల్లో కెమెరాలు బిగించినా ఆ కాగితం సంగతి మనకు ఆ ఉదయం తెలిసేది కాదు. దాన్ని తెచ్చి ఇచ్చినవారు ఇద్దరు పిల్లలు.

ఇది నా ఒక్కదాని పిచ్చి అనుకోకండి. షికాగో నగరంలోని ప్రాథమిక పాఠశాలలను ఏళ్ల తరబడి గమనించిన బ్రైక్, ష్నైడర్ అనే పరిశోధకులు 2002లో తమ ఫలితాలు ప్రచురించారు. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, ప్రధానోపాధ్యాయుల మధ్య నమ్మకం బలంగా ఉన్న బడుల్లో రెండింట ఒకటి చదువులో మెరుగుపడింది. నమ్మకం బాగా బలహీనంగా ఉన్నచోట ఏడింట ఒక్కటే ఆ స్థితికి చేరింది.

ఆ ఇద్దరు విద్యార్థుల గురించి ఇంకొక్క మాట రాయకుండా ఉండలేను. వారిలో ఒకరికి గణితమంటే ఎంత భయమో మాకు తెలుసు. చేతిలో పడిన ఆ ప్రశ్నలు ఎంత అక్కరకు వచ్చేవో ఊహించుకోండి. రెండోవారు స్నేహితులు వద్దంటున్నా వినకుండా వచ్చారు. ఇంతకు మించి రాస్తే ఎవరో మీరు పోల్చుకుంటారు కనుక ఇక్కడితో ఆపుతాను. మూడు రోజుల తరువాత మిగిలిన ఇద్దరూ వారంతట వారే వచ్చి నాతో మాట్లాడారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు ఇంత సంతోషం కలిగించిన ఉదయాలు అరుదు.

మీ సహకారం పట్ల మాకు ఎనలేని గౌరవం ఉంది. ఆ గౌరవంతోనే కొన్ని విన్నపాలు. ప్రయాణాలకు వెళ్లి వచ్చి సెలవు చీటీలో జ్వరమని రాసినప్పుడు, దాన్ని మోసుకొచ్చేది మీ బిడ్డే. ప్రయాణం అని రాసినా సెలవు ఇస్తాము. ఆరో తరగతి సైన్సు ప్రాజెక్టుల్లో ఈసారి కొన్ని ఇంజనీర్లు కూడా అసూయపడేంత నేర్పుగా ఉన్నాయి. వాటిని చేసిన పెద్దలకు అభినందనలు తెలుపుతూ, మార్కులు మాత్రం పిల్లలు తమ చేతులతో అతికించిన వంకరటింకర అట్టముక్కలకే వేశామని మనవి చేస్తున్నాను. ఇంట్లో గ్లాసు పగిలిందని బిడ్డ చెప్పగానే గొంతు పెంచి, బడిలో మాత్రం నిజం చెప్పడం నేర్పమంటే మా ఉపాధ్యాయులు ఒంటరిగా ఏం చేయగలరు? ఆ నలుగురు ఎవరో మీ పిల్లల చేత కూపీ లాగించే ప్రయత్నాలు కూడా దయచేసి ఆపండి. రాత్రి పదకొండు గంటలకు తరగతి ఉపాధ్యాయులకు సందేశాలు పంపడం కూడా.

రెండో విడత ఫీజు, బస్సు పాసుల దరఖాస్తులు, గుర్తింపు కార్డుల ఫొటోలు ఈ నెలాఖరులోగా ఆఫీసులో అందజేయగలరు.

గణితం పరీక్ష వచ్చే సోమవారం మొదటి పీరియడులో ఉంటుంది, పాఠ్యాంశాల్లో మార్పు లేదు. దీని మీద ఇంకా సందేహాలు ఉన్నవారు శనివారం ఉదయం తల్లిదండ్రుల సమావేశానికి రండి. పేర్లు తప్ప మరేది అడిగినా, పొరపాట్ల పుస్తకం ఎలా నడుస్తుందన్న దానితో సహా, ఓపిగ్గా సమాధానం చెబుతాను.

భవదీయురాలు,
ప్రధానోపాధ్యాయురాలు