మన శాన్‌ఫ్రాన్సిస్కో నడకలో ఇక భోజనాల క్యూ దగ్గర ఆగం

మా శనివారం నడకకు ఏటా వస్తున్నవాళ్లకు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్నీ అత్తమామల్నీ మాకు అప్పగించి పంపేవాళ్లకు, వచ్చే నెలలకు ముందే డబ్బు కట్టినవాళ్లకు ఈ ఉత్తరం. 'ద పర్సూట్ ఆఫ్ హ్యాపీనెస్' సినిమా కథ జరిగిన చోట్లు చూపించే ఈ నడక ఆగిపోలేదు. అయితే శనివారం బదులు ఆదివారం నడుస్తాం. ఫ్రీమాంట్ నుంచి వ్యాను ఉండదు, ఈ ప్రాంతపు లోకల్ రైలు బార్ట్‌లోనే తిరుగుతాం. ఎల్లిస్ వీధిలో గ్లైడ్ చర్చి బయట మధ్యాహ్న భోజనాల క్యూ ఎదురుగా ఆగడం మానేశాం. మొదటి రెండు మార్పులకూ పెద్దగా ఎవరూ అడ్డు చెప్పలేదు. మూడోదాని మీదే ఫోన్లు వచ్చాయి, మెసేజ్‌లు వచ్చాయి. ఒకరైతే "సినిమాలో క్యూ చూపిస్తామని చెప్పి చూపించకపోవడం మోసం" అని రాశారు. ఆ మాట గుచ్చుకుంది. అందుకే ఈ సంగతి వివరంగా చెప్తాను.

ఈ నడక క్రిస్ గార్డ్‌నర్ జీవితం మీద. 1980ల మొదట్లో ఇదే ఊళ్లో, పసిబిడ్డను చంకనేసుకుని, ఉండడానికి చోటు లేక ఏడాది పాటు తిరుగుతూనే డీన్ విటర్ రెనాల్డ్స్‌లో స్టాక్ బ్రోకర్ శిక్షణ పూర్తి చేసిన తండ్రి ఆయన. 1987లో షికాగోలో సొంత బ్రోకరేజీ సంస్థ పెట్టాడు. 2006లో వచ్చిన 'ద పర్సూట్ ఆఫ్ హ్యాపీనెస్' ఆయన కథే. విల్ స్మిత్ తండ్రిగా, ఆయన సొంత కొడుకు జేడెన్ సినిమా కొడుకుగా వేశారు. మన ఇళ్లలో పిల్లలూ పెద్దలూ కలిసి కూర్చుని చూసిన ఇంగ్లీషు సినిమాల్లో అదొకటి. అందుకే ఈ నడకకు మనవాళ్లు వస్తారు.

సినిమాలో ఎక్కువమందికి గుర్తుండిపోయేది రెండు చోట్లు. ఒకటి గ్లైడ్ బయట సాయంత్రం పడక కోసం కట్టిన క్యూ. రెండోది బార్ట్ స్టేషన్ బాత్రూంలో నేల మీద కొడుకును ఒళ్లో పడుకోబెట్టుకుని, బయట ఎవరో తలుపు బాదుతుంటే తండ్రి కాలు అడ్డం పెట్టి ఏడ్చే చోటు. శనివారం వ్యాను దిగగానే అందరూ అడిగేది "ఆ క్యూ ఎక్కడండీ?" అనే.

ఇప్పుడు ఎల్లిస్, టేలర్ వీధుల మూల మీద మధ్యాహ్నం కనిపించే క్యూ అది కాదు. అది అన్నం కోసం కట్టిన క్యూ. గ్లైడ్ పూటపూటా ఉచితంగా భోజనం పెడుతుంది. సినిమాలోది రాత్రి పడక కోసం, ముందొచ్చినవాళ్లకు ముందు అనే పద్ధతిలో కట్టింది. ఈ రోజు చిన్నపిల్లవాడితో వీధిన పడ్డ ఒంటరి తండ్రి ఈ ఊళ్లో అలాంటి క్యూలో నిలబడితే పడక దొరకదు. పిల్లలున్న కుటుంబాలకు వేరే దారి ఉంది. యాక్సెస్ పాయింట్ అనే కేంద్రానికి వెళ్లి పేరు నమోదు చేయించుకోవాలి, పరిస్థితి చెప్పుకోవాలి, కుటుంబాల షెల్టర్ జాబితాలో వంతు కోసం ఎదురు చూడాలి. అంటే అన్నం క్యూ ముందు నిలబడి "ఇదిగో గార్డ్‌నర్ నిలబడ్డ క్యూ" అనడమే అబద్ధం. డబ్బు తీసుకుని అబద్ధం చెప్పడం నాకు ఇష్టం లేదు.

రెండో సంగతి ఫొటోలు. వీధిలో ఫొటో తీయడం ఇక్కడి చట్టం ప్రకారం తప్పు కాదు, నాకు తెలుసు. ఎదుటి ఫుట్‌పాత్ మీద ఆగితే చాలనీ, ఫోన్లు జేబులో పెట్టుకోమంటే చాలనీ కొందరు సలహా ఇచ్చారు. అవేవీ పనిచేయవు. పదిమంది ఒకచోట ఆగి, నా మాటలు వినిపించే ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని ఒకే వైపు చూస్తే, ఫోను తీసినా తీయకపోయినా క్యూలో ఉన్నవాళ్లకు అర్థమైపోతుంది. మొహం తిప్పేసుకుంటారు. హుడ్ ముందుకు లాక్కుంటారు. ఒక్కోసారి తినకుండానే క్యూలోంచి వెళ్లిపోతారు. మన ఊళ్లో బంతిలో కూర్చుని తింటున్నవాళ్ల ఎదుట నిలబడి ఎవరైనా అలా చూస్తే ఇంట్లో పెద్దవాళ్లు ఏమంటారో మీకు చెప్పక్కర్లేదు. సినిమా తీసినప్పుడు ఆ క్యూలో నిజంగా ఇల్లు లేనివాళ్లు కూడా ఉన్నారు. కానీ వాళ్లను అడిగి, ఒప్పించి, కూలి ఇచ్చి నిలబెట్టారు. మనం ఎవరినీ అడగలేదు.

ఈ స్టాపు తీసేస్తే నడకకు ఆయువుపట్టు పోతుందేమో, బుకింగులు పడిపోతాయేమో అని చాలా మథనపడ్డాను. తీసేస్తున్నామని చెప్పగానే కొన్ని రద్దయ్యాయి కూడా. అయినా ఎవరెంత అడిగినా ఆ స్టాపు తిరిగి పెట్టను. "వంటింట్లో వడ్డించే సేవ టికెట్‌లో కలపండి, మా నాన్నగారికి తృప్తిగా ఉంటుంది" అని అడిగినవాళ్లకూ ఇదే జవాబు. గ్లైడ్‌లో వాలంటీరుగా వడ్డించాలంటే ముందుగా వాళ్ల దగ్గరే పేరు నమోదు చేసుకోవచ్చు. అది మీకూ వాళ్లకూ మధ్య సంగతి. నేను మధ్యలో కూర్చుని దాన్ని అమ్మను.

ఇంకొక మాట. గార్డ్‌నర్ అసలు కథ తెలిస్తే ఆయన్ను క్యూలో వెతకరు. సినిమాలో కొడుక్కి అయిదేళ్లు. నిజంగా అప్పటికి ఆ పిల్లవాడికి రెండేళ్లు కూడా నిండలేదు. డైపర్లు మార్చాలి, స్ట్రోలర్ తోయాలి, డేకేర్‌లో దింపాలి, ఆ తర్వాత ఆఫీసు. సినిమాలో శిక్షణకు జీతం లేదు. నిజంగా నెలకు వెయ్యి డాలర్ల దాకా వచ్చేది. ఆ డబ్బు డేకేర్‌కూ తిండికీ పోతే, అద్దె ఇల్లు పట్టడానికి ముందుగా కట్టాల్సిన మొత్తం పోగవడం లేదు. ఇల్లు లేకపోవడానికి అసలు కారణం అక్కడుంది. సినిమాలో రూబిక్స్ క్యూబ్ పజిల్‌ను చకచకా కలిపి ఆఫీసరును మెప్పించే సంఘటన సినిమావాళ్లు కల్పించిందే. సూటు వేసుకుని, ఒక చేత్తో బ్రీఫ్‌కేసు, ఇంకో చేత్తో స్ట్రోలర్ పట్టుకుని పొద్దున్నే రైలెక్కే మనిషిని చూసి రాత్రి ఎక్కడ పడుకున్నాడో ఎవరూ పోల్చుకోలేరు. ఆఫీసులో తోటివాళ్లకే తెలియదు. కాబట్టి ఈ కథకు సరైన చోటు రైలు. వ్యాను పోవడం వల్ల నడకకు నష్టమేమీ లేదని నేను గట్టిగా అనేది అందుకే.

వ్యాను ఎందుకు పోయిందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ ఉదయం ఫ్రీమాంట్‌లో ఎండలో నిలబడ్డవాళ్లు మీరే. కాలిఫోర్నియాలో కిరాయికి జనాన్ని ఎక్కించుకునే వ్యానుకు పబ్లిక్ యుటిలిటీస్ కమిషన్ ఇచ్చే టి.సి.పి. పర్మిట్ ఉండాలి. ఆ నంబరు బండి మీద కనిపించేలా రాయాలి. 8 నుంచి 15 సీట్ల బండికి 15 లక్షల డాలర్ల ఇన్సూరెన్సు తప్పనిసరి. డ్రైవరుతో కలిపి 10 మందికి మించి ఎక్కే బండి అయితే నడిపేవాళ్లకు కమర్షియల్ లైసెన్సు, పాసెంజర్ ఎండార్స్‌మెంటు కావాలి. ఇన్సూరెన్సు తెగిపోతే పర్మిట్ సస్పెండ్ అవుతుంది. కానీ బండి మీద పెయింటు చెరిగిపోదు కదా, నంబరు అలాగే కనిపిస్తుంది. అందుకే ప్రతి ట్రిప్పుకూ ముందు కమిషన్ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి చూస్తాం. ఆ రోజు చూస్తే సస్పెండెడ్ అని వచ్చింది. ఆపరేటరును అడిగితే "కాగితం సోమవారానికి సరైపోతుంది, ఈ ఒక్క ట్రిప్పూ నడిపించేయండి" అన్నాడు. డెబ్బయ్యేళ్ల పెద్దవాళ్లు, మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు, ట్రావెల్ ఇన్సూరెన్సు మీద వచ్చినవాళ్లు ఉన్న బండిని ఇన్సూరెన్సు లేకుండా బే బ్రిడ్జి ఎక్కించమంటున్నాడు! కుదరదన్నాను. మీ అందరికీ ఆ రోజే డబ్బు తిరిగి పంపాను. నేనిచ్చిన అడ్వాన్సు మాత్రం నాకింకా తిరిగి రాలేదు. మీరు వేరే ఎవరి బండి మాట్లాడుకున్నా, నాపా వెళ్లినా యోసెమిటీ వెళ్లినా, బంపరు మీద టి.సి.పి. నంబరు చూసి, దాన్ని వెబ్‌సైట్‌లో కొట్టి, యాక్టివ్ అని ఉంటేనే పెద్దవాళ్లను ఎక్కించండి. రెండు నిమిషాల పని.

ఇక కొత్త దారి. ఆదివారం బార్ట్ రైళ్లు ఉదయం 8కి గానీ మొదలు కావు. కాబట్టి తొందరపడి ఏడింటికే స్టేషన్‌కు వచ్చి కూర్చోవద్దు. పావెల్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగి పైకి వస్తే మార్కెట్ వీధి మూల మీద కేబుల్ కారును (వీధిలో నడిచే పాతకాలపు ట్రామును) తిప్పే గుండ్రటి చెక్క వేదిక ఉంటుంది. అక్కడ కలుస్తాం. లిఫ్టులు అప్పుడప్పుడు పనిచేయవు. మెట్లు ఎక్కలేనివాళ్లుంటే బయల్దేరే ముందు బార్ట్ వెబ్‌సైట్‌లో లిఫ్టుల స్థితి చూసుకోండి. పావెల్ స్టేషన్‌లో అటెండెంట్ ఉన్న బాత్రూం ఉంది. దాన్ని అక్కడే వాడుకోండి, ఎందుకంటే పైన టెండర్‌లాయిన్ పేట వీధుల్లో వెతుక్కోవాల్సి వస్తుంది.

పావెల్ మీద పైకి నడిస్తే ఎడ్డీ దాటాక ఎల్లిస్ వస్తుంది. ఎడమకు తిరిగి, మేసన్ దాటి, టేలర్ మూలకు చేరితే గ్లైడ్. పెద్ద ఎత్తు లేదు. ఆదివారం సభకు ఎవరైనా లోపలికి వెళ్లొచ్చు, ఏ మతమని అడగరు. పాస్టర్ సెసిల్ విలియమ్స్ 1967లోనే అక్కడి శిలువను దించేయించాడు. గార్డ్‌నర్‌కూ కొడుక్కూ ఆసరా ఇచ్చింది ఆయనే, సినిమాలో తన పాత్ర తనే వేశాడు. 2024 ఏప్రిల్‌లో, 94 ఏళ్ల వయసులో పోయాడు. పాటలు, బ్యాండు జోరుగా ఉంటాయి, చప్పుడు పడనివాళ్లు వెనక వరసల్లో కూర్చోవాలి. హుండీ తట్ట వస్తే వేయడం వేయకపోవడం మీ ఇష్టం.

తిరిగి పావెల్‌కు వచ్చి ఓక్లండ్‌లోని మెకార్థర్ స్టేషన్‌కు వెళ్తాం. గార్డ్‌నర్ నిజంగా కొడుకుతో బాత్రూంలో రాత్రి గడిపిన స్టేషన్ అదే. సినిమాకు మాత్రం శాన్‌ఫ్రాన్సిస్కోలోని డ్యూబోస్ పార్కులో బార్ట్ ప్రవేశద్వారం సెట్ వేశారు. ఇప్పుడక్కడ సెట్ లేదు, ఉత్త పార్కు. కావాలంటే ఎన్ జూడా అనే ట్రాం ఎక్కి మీరే వెళ్లి రావచ్చు.

మనవాళ్లు తడబడేది సరిగ్గా పావెల్ ప్లాట్‌ఫాం మీదే. ఫ్రీమాంట్, డబ్లిన్ నుంచి వచ్చేవాళ్లకు గ్రీన్, బ్లూ లైన్లు అలవాటు. చూడగానే ఎక్కేస్తారు. ఆ రెండూ మెకార్థర్‌కు పోవు. ఎల్లో లైను, ఆంటియాక్ అని బోర్డున్న రైలు గానీ, రెడ్ లైను, రిచ్‌మండ్ అని బోర్డున్న రైలు గానీ ఎక్కాలి. పొరపాటున గ్రీనో బ్లూనో ఎక్కితే కంగారుపడొద్దు. సముద్రం కింది సొరంగం దాటగానే వెస్ట్ ఓక్లండ్ వస్తుంది, అక్కడ దిగి అదే ప్లాట్‌ఫాం మీద ఎల్లో రైలు కోసమో రెడ్ రైలు కోసమో ఆగండి. దాటిపోయి లేక్ మెరిట్ దాకా వెళ్తే వెనక్కి రావాలి. సొరంగంలో రైలు కీచుమనే శబ్దానికి మా ఇయర్‌ఫోన్లలో ఏమీ వినబడదు, అందుకే చెప్పాల్సినవన్నీ పావెల్‌లోనే చెప్పేస్తాను. మెకార్థర్‌లో ప్లాట్‌ఫాంలు హైవే మధ్యలో ఎత్తు మీద ఉంటాయి, గాలి బాగా కొడుతుంది. అత్తయ్యగారికి ఒక స్వెట్టరు వేరేగా పెట్టండి. బాత్రూం తలుపు బయటి నుంచే చూస్తాం. లోపల ఎవరో ఒకరు ఉంటారు.

రైలు ఛార్జీకి క్లిప్పర్ కార్డు గానీ, గేటుకు తాకిస్తే పనిచేసే బ్యాంకు కార్డు గానీ ఎవరిది వాళ్లకు కావాలి. కొడుకు కార్డుతోనే నాన్నగారూ వెళ్దామంటే గేటు తీసుకోదు. 65 దాటినవాళ్లు వయసు చూపే గుర్తింపుతో సీనియర్ క్లిప్పర్ కార్డు తీసుకుంటే ఛార్జీ బాగా తగ్గుతుంది.

టికెట్ 55 డాలర్ల నుంచి 35కు తగ్గింది, రైలు ఛార్జీ మీదే. ముందే కట్టినవాళ్లకు మిగతా 20 డాలర్లు ఈ వారంలో అదే కార్డుకు వస్తాయి. ఆదివారం కుదరనివాళ్లూ, క్యూ లేకపోతే వద్దనుకునేవాళ్లూ నడకకు 48 గంటల ముందు వరకూ ఒక్క లైను రాస్తే మొత్తం తిరిగి పంపుతాను, కారణం అడగను. గ్రూపుకు పదిమందే. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లుంటే బుక్ చేసేటప్పుడే చెప్పండి, ఆ రోజు లిఫ్టు పని చేయకపోతే తేదీ మార్చి ఇస్తాను.