పడవ ఇల్లు మాట్లాడుకునే ముందు

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతి సెలవులకు మన వైపు నుంచి కేరళలోని అలెప్పీ వెళ్లే కుటుంబాలు చాలావరకు పడవ ఇళ్ల (హౌస్‌బోట్ల) వాళ్లిచ్చే ‘ఒక పగలు, ఒక రాత్రి’ అన్న ప్రకటన చూసి, పడవ అంతసేపూ తిరుగుతూనే ఉంటుందనుకుంటాయి. నిజానికి మధ్యాహ్నం పన్నెండు దాటాక ఎక్కించి, జాలర్లు వలలు వేసుకునే వేళకు, అంటే సాయంత్రం అయిదున్నర ప్రాంతంలో, గట్టుకు కట్టేస్తారు. ఆపైన మర్నాడు ఫలహారం వేళ కాసేపు తిప్పి దించేస్తారు. చాలా పడవల్లో ఏసీ రాత్రి తొమ్మిదికి గానీ వేయరు. దారిలో ఒడ్డునున్న కొట్టు దగ్గర ఆపి పెద్ద రొయ్యలో, కరిమీన్ చేపలో కొనుక్కోమంటారు. వంట వాళ్లదే, ఖరీదు మాత్రం మనది! ఇవన్నీ ముందే రాయించుకుని అడ్వాన్సు పంపడం మంచిది.

అంతకంటే ముఖ్యంగా, మరుగుదొడ్డి వ్యర్థాలు ఎక్కడికి పోతాయో అడగాలి. ఈ పడవలు తిరిగే వేంబనాడు సరస్సు, మన కొల్లేరుతో పాటే 2002లో రామ్‌సర్ జాబితాకు (అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల జాబితాకు) ఎక్కిన చిత్తడి నేల. రాత్రి బస అక్కర్లేదనుకునేవారు అలెప్పీ నుంచి కొట్టాయానికి నడిచే ప్రభుత్వ ప్రయాణికుల పడవ ఎక్కితే, సముద్రమట్టానికి దిగువనున్న కుట్టనాడు వరిచేలను కొద్దిపాటి టిక్కెట్టుతోనే చూడవచ్చు. పర్యాటక పేజీల్లో ఫొటోలతో పాటు ఈ వివరాలూ ప్రచురించాలని మనవి.

– ఒక పాఠకుడు, ఏలూరు