2024–25 వార్షిక నివేదిక: రాసినవారు వెళ్లిపోయాక

సభ్యులకు నమస్కారం.

తెలుగు భాషా పరిశోధనకు సాఫ్ట్‌వేర్ టూళ్లు నడిపే మనం ఈ ఏడాది కొత్తగా ఏదీ రాయలేదు. ఉన్నవాటిని నడిపించడానికే సరిపోయింది.

తలనొప్పి 2024 జూన్‌లో నంపై 2.0 విడుదలతో మొదలైంది. నంపై అంటే పైథాన్ భాషలో లెక్కలు చేసిపెట్టే ఉచిత లైబ్రరీ, మన టూళ్లు దాని మీదే నడుస్తాయి. పాత వెర్షన్ల మీద కంపైల్ చేసిన (కంప్యూటర్ నేరుగా నడిపేలా మార్చిన) మాడ్యూళ్లు 2.0తో పనిచేయవు, మళ్లీ కంపైల్ చేసుకోవాలి. మన తెలుగు పద విశ్లేషణ టూల్‌లో సీ భాషలో రాసిన భాగం ఒకటి ఉంది. దాన్ని రాసిన విద్యార్థి పీహెచ్‌డీ ముగించి ఉద్యోగంలో చేరి ఏళ్లయింది. టెస్టులు లేవు, నోట్సు లేదు. ఏ వెర్షన్ నంపై కావాలో కూడా ఎక్కడా రాయలేదు కాబట్టి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసినవారికల్లా 2.0 దిగి, టూల్ మొదట్లోనే ఆగిపోయేది. థీసిస్ సమర్పణకు రెండు వారాల ముందు ఒక పరిశోధకురాలు ఫోన్ చేశారు. ఆవిడ టెన్షన్ మాకూ అంటుకుంది. ఆ రాత్రికి పాత వెర్షన్‌కే కట్టేసి గట్టెక్కించాం గానీ, అసలు మరమ్మతు అక్టోబరు దాకా సాగింది. నిఘంటువు ఫైళ్లన్నీ తెలుగును ఇంగ్లిష్ అక్షరాలతో రాసే డబ్ల్యూఎక్స్ పద్ధతిలో ఉండటం ఇంకో చిక్కు. అందులో ‘త’కు డబ్ల్యూ, ‘ద’కు ఎక్స్. ఈ తరం పిల్లలకు అది గూఢచారుల రాత. యూనికోడ్‌లోకి మార్చే పని సగంలో ఉంది.

నిర్వహణకు నిధులు అడుగుతూ పెట్టిన దరఖాస్తు తిరిగొచ్చింది. “ఇందులో కొత్తదనం ఏముంది?” అన్నారు. నిజమే, లేదు. మరమ్మతులో కొత్తదనం ఎక్కణ్ణుంచి తెస్తాం? ఈ బాధ మనొక్కరిదే కాదు. 2006లో 1.0 వెర్షన్ వచ్చిన నంపైకే 2017 దాకా తనకంటూ నిధులు లేవు. అన్నేళ్లూ వలంటీర్లే లాక్కొచ్చారు. 2019లో ప్రపంచమంతా చూసిన కృష్ణబిలం చిత్రం వెనుక లెక్కల్లో నంపై కూడా ఉంది.

పరిశోధన సాఫ్ట్‌వేర్ రాసి, చూసుకునేవారికి బ్రిటన్‌లో 2012లో ‘రీసెర్చ్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్’ అనే పేరు పుట్టి, తర్వాత విశ్వవిద్యాలయాల్లో ఆ పేరుతో ఉద్యోగాలూ వచ్చాయి. మన దగ్గర ఈ పని ఎక్కువగా ప్రాజెక్టు సిబ్బంది మీదే పడుతుంది. ప్రాజెక్టు ముగిశాక మనిషీ వెళ్తారు, పాస్‌వర్డూ వెళ్తుంది. (ఒక టూల్ పాస్‌వర్డు కోసం మార్చి అంతా వెతికాం. ఎవరిదో పాత మెయిల్‌లో దొరికింది.)

జనవరి నుంచి ప్రతి విడుదలనూ పరిశోధన ఫైళ్లు భద్రపరిచే జెనోడో సైట్‌లో పెట్టి డీఓఐ (మారని గుర్తింపు సంఖ్య) తీసుకుంటున్నాం, పత్రాల్లో ఎలా ఉదహరించాలో చెప్పే ఫైలూ జోడిస్తున్నాం. ఇన్నాళ్లూ మన టూల్‌ను ఎవరు వాడుతున్నారో ఎర్రర్ మెయిల్ వస్తేనే తెలిసేది.

జూన్, జులైలో తప్ప నెలవారీ సమావేశాలు జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి విడిగా పంపారు.

సీ భాగం ప్రస్తుతం ఒక్కరి చేతిలోనే ఉంది. రెండో మనిషి కావాలి. ముందుకొచ్చేవారు వచ్చే సమావేశంలోపు పేరు ఇవ్వండి. సీ రాకపోయినా ఫర్వాలేదు, నోట్సు రాయడానికైనా రండి.

ఇట్లు,
కార్యదర్శి