మా బిల్లులో ఇకపై ‘ఒరిజినల్’ అన్న మాట ఉండదు

విజయవాడ ఆటోనగర్‌లో మా గ్లాస్ కొట్టుకి వచ్చే కస్టమర్లందరికీ నమస్కారం. మీకో సంగతి చెప్పుకోవాలి. చెప్పకపోయినా ఎవరూ అడగరు. కానీ మనసు ఒప్పుకోవడం లేదు.

కిందటి నెల ఒక రిటైర్డ్ మాస్టారు కారు తెచ్చారు. హైదరాబాద్ నుంచి వస్తుంటే సూర్యాపేట దాటాక, ముందు వెళ్తున్న టిప్పర్ మీంచి కంకర రాయి ఎగిరొచ్చి ముందద్దానికి తగిలిందట. ఇల్లు చేరేసరికి పగులు ఆ చివరి నుంచి ఈ చివరికి పాకింది. కారు కొత్తది. అద్దం పైన, మధ్యలో కెమెరా ఉన్న రకం. కంపెనీ గ్లాస్ రావడానికి వారం పడుతుందన్నాను. ఆయనకి మూడు రోజుల్లో తిరుపతి ప్రయాణం. ‘బయటి గ్లాస్ రేపే వేసేస్తాను, రెండూ ఒకటే మాస్టారూ’ అని చెప్పి వేసేశాను. బిల్లు మీద ‘ఒరిజినల్ ఫ్రంట్ గ్లాస్’ అని రాశాను.

తిరుపతి వెళ్లొచ్చి నేరుగా కొట్టుకే వచ్చారు. డాష్‌బోర్డులో కెమెరా హెచ్చరిక లైటు ఆరడం లేదు. నేను దాని గురించి మాట్లాడుతుంటే, ఆయన ఫోనులో పాత అద్దం ఫోటో తీసి చూపించారు. మూల మీద కారు కంపెనీ బొమ్మ ఉంది. కొత్త దాని మీద లేదు. ‘ఏమయ్యా, ఒరిజినల్ అని రాశావు కదా, మరి ఆ బొమ్మేది?’ అన్నారు. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

కంపెనీ గ్లాస్ తెప్పించి మార్చాను. కెమెరా సరిచేయించిన ఖర్చూ నేనే పెట్టుకున్నాను. అది ఆయనకి చేసిన మేలేం కాదు, నా తప్పుకి కట్టిన డబ్బు.

అసలు ఈ ‘ఒరిజినల్’ గొడవ ఏమిటో చెబుతాను. మన దేశంలో కార్ల కంపెనీలు అద్దాలు సొంతంగా తయారుచేసుకోవు. ఎక్కువగా అసాహి ఇండియా అంటే ఏఐఎస్ వాళ్లో, సెయింట్ గోబెయిన్ సెక్యూరిట్ వాళ్లో చేసిస్తారు. కారు కంపెనీ లోగోతో, ఆ కంపెనీ పార్ట్ నంబరుతో వచ్చేది మొదటి రకం. ఆ తయారీదారే తన పేరు మాత్రం వేసి బయట అమ్మేది రెండో రకం. కారు కంపెనీతో సంబంధం లేని వేరే తయారీదారు, అదే కొలతలకి చేసేది మూడో రకం. అందులో మన దేశంలో చేసినదీ ఉంటుంది, చైనా నుంచి వచ్చేదీ ఉంటుంది.

రెండో రకానికి ‘ఒరిజినల్’ అని రాయడం నాకు ఏళ్ల తరబడి అలవాటు. అది పూర్తి అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. మాస్టారి కారుకి వేసింది మాత్రం మూడో రకం. దానికీ చెయ్యి అలవాటుకొద్దీ ఆ మాటే రాసేసింది.

అందుకే ఇకనుంచి బిల్లులో తయారీదారు పేరు, కారు కంపెనీ లోగో ఉందో లేదో, ఐఎస్ఐ మార్కు కింద ఉండే లైసెన్స్ నంబరు రాస్తాం. అద్దం పెట్టెలోంచి తీసేటప్పుడే మూల మీద గుర్తులు మీకు చూపిస్తాం. ఐఎస్ 2553 అన్న అంకె (బండ్ల భద్రతా అద్దాలకి మన దేశపు ప్రమాణం నంబరు), ఐఎస్ఐ గుర్తు లేని అద్దం ఎంత చవకగా వచ్చినా దింపుకోం.

మరి ఏది వేయించుకోవాలి? కెమెరా, సెన్సార్ ఏవీ లేని కారైతే, అందులోనూ ఐదారేళ్లు నడిచినదైతే, రెండో రకం చాలు. నా సొంత కారుకి ఉన్నది అదే. మా దగ్గర చిన్న కార్లకి లోగో ఉన్నదానికీ లేనిదానికీ తేడా పదిహేను వందల నుంచి మూడు వేల దాకా వస్తోంది. ఆ బొమ్మ కోసమే అంత పెట్టమని నేను చెప్పలేను. మూడో రకంలో అన్నీ చెడ్డవి కావు. కానీ లోడుకీ లోడుకీ తేడా వస్తుంది. ఈ వేసవిలో వచ్చిన ఒక లోడులో లోపల కూర్చుని ఎదురుగా ఉన్న కరెంటు స్తంభం చూస్తూ తల అటూ ఇటూ కదిపితే, అద్దం అంచుల దగ్గర స్తంభం పాములా మెలికలు తిరిగింది. పగలు అది పెద్దగా తెలియదు. రాత్రి ఎదురు లైట్లు పడ్డప్పుడు కళ్లు లాగేస్తాయి. ఆ లోడు వెనక్కి పంపేశాను. ఈ స్తంభం పరీక్ష మీరూ చేయండి, ఏ కొట్టులో వేయించుకున్నా సరే.

కెమెరా ఉన్న కార్లకి మాత్రం ఇక మా దగ్గర బయటి గ్లాస్ వేయం. బేరాలు వద్దు. ఆ కెమెరా అద్దంలోంచే రోడ్డు మీద గీతలు, ముందు బండి చూస్తుంది. కెమెరా పట్టుకునే బ్రాకెట్ వెంట్రుకవాసి వంగినా దాని చూపు పక్కకి పోతుంది. కంపెనీ గ్లాస్ వేసినా సరే, మళ్లీ కాలిబ్రేషన్, అంటే కెమెరా చూపు సరిగ్గా కుదర్చడం, చేయించాలి. కొన్ని కార్లకి ఎదురుగా బోర్డు పెట్టి చేస్తారు, కొన్నింటిని రోడ్డు మీద నడిపి చేస్తారు. ఆ పరికరం మా దగ్గర లేదు. మీరు షోరూంకి వెళ్లాలి, ఖర్చు విడిగా అవుతుంది. ఈ మాట ముందే చెబుతాం. స్పీడు అద్దం మీద కనిపించే కార్లకీ ఇదే రూలు. వాటి అద్దంలో రెండు గాజు పలకల మధ్య ఉండే పీవీబీ అనే ప్లాస్టిక్ పొర అన్నిచోట్లా ఒకే మందంలో ఉండదు. మామూలుది వేస్తే అంకెలు రెండేసి కనిపిస్తాయి.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. అందరూ అద్దం బ్రాండ్ గురించే అడుగుతారు, అంటించడం గురించి ఎవరూ అడగరు. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ చాలా కార్లలో తెరుచుకునేటప్పుడు ముందద్దాన్నే ఆనుకుంటుంది. అద్దం ఊడి ముందుకి పడిపోతే ఆ బ్యాగ్ ఉండీ లేనట్టే. మేం వాడే పీయూ గమ్ గాలిలో తేమ తగిలితేనే గట్టిపడుతుంది. ఎంతసేపట్లో అన్నది ట్యూబు మీదే రాసి ఉంటుంది. ఇన్నాళ్లూ ‘అరగంటలో ఇచ్చేయండి బాబూ, పెళ్లికి వెళ్లాలి’ అంటే ఇచ్చేసేవాళ్లం. ఇకనుంచి ఆ టైము అయ్యేదాకా తాళం ఇవ్వం. టీ మేమే తెప్పిస్తాం.

ఇన్సూరెన్స్ గురించి రోజూ అడుగుతారు. గాజుకి పాతబడిందని తరుగు కొయ్యరు, నిజమే. కానీ 1500 సీసీ లోపు కారుకి మీ వాటాగా 1,000 రూపాయలు ముందు పోతుంది. అసలు దెబ్బ నో క్లెయిమ్ బోనస్ దగ్గర, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు దగ్గర. మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం, అంటే మీ సొంత కారు దెబ్బలకి కట్టే భాగం, బోనస్ తీయకముందు 6,000 అనుకోండి. మీకు 50 శాతం బోనస్ ఉంటే 3,000 కడుతున్నారు. క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడాది మొత్తం 6,000 కట్టాలి. ఐదు వేల అద్దానికి చేతికి వచ్చేది 4,000, పోయేది 3,000. ఆ పై ఏడాది బోనస్ మళ్లీ 20 శాతం నుంచి మొదలు. అంటే ఆ ఏడాదీ నష్టమే. బోనస్ కాపాడే యాడ్ ఆన్ ఉంటే వేరే లెక్క. పెద్ద కారు, ఖరీదైన అద్దం అయితే క్లెయిమ్ చేయండి. చిన్న కారుకి చేయొద్దని మేమే చెబుతాం.

రాయి తగిలిన మచ్చ రూపాయి బిళ్లంత లోపే ఉండి, డ్రైవర్ కళ్ల ఎదురుగా లేకపోతే అద్దం మార్చక్కర్లేదు. రెసిన్ అనే జిగురు అందులోకి ఎక్కించి పగులు పాకకుండా ఆపొచ్చు. మాకు దానిలో మిగిలేది తక్కువ, అందుకే ఇన్నాళ్లూ పెద్దగా చెప్పలేదు. ఇదీ నా తప్పుల లెక్కలోనే వేసుకోండి. కాకపోతే వెంటనే రావాలి. రోహిణీ కార్తెలో రోళ్లే పగులుతాయంటారు. ఎండలో కాగిన అద్దం మీదికి ఏసీ ఫుల్లుగా పెట్టారంటే చిన్న మచ్చ కాస్తా గీతయి పాకుతుంది.

అద్దం మార్పించుకునే ముందు ఫాస్టాగ్ సంగతి మర్చిపోవద్దు. పాత అద్దం మీంచి పీకితే అది చిరిగిపోతుంది, మళ్లీ పని చేయదు. మీ బ్యాంకు నుంచి మారు ట్యాగ్ తీసుకోవాలి. నంబర్ ప్లేటుతో ఇచ్చే రంగు స్టిక్కర్, పెట్రోలుకి నీలం, డీజిల్‌కి నారింజ, అదీ పోతుంది.

మా బిల్లు మీద ‘ఒరిజినల్’ అని చూసి అద్దం వేయించుకున్నవాళ్లు ఎప్పుడైనా రండి. మూల మీద గుర్తులు చదివి అది ఏ రకమో కాగితం మీద రాసి ఇస్తాను. లోగో గ్లాస్ డబ్బు తీసుకుని వేరేది వేసినట్టు తేలితే తేడా వాపసు ఇస్తాను. ఆదివారం మధ్యాహ్నం వరకూ తీసే ఉంటుంది. పాత బిల్లు దొరక్కపోయినా ఫర్వాలేదు, కారు తెస్తే చాలు.