సోలార్ పని నేర్చుకోవాలనుకునే ఐటీఐ పిల్లల కోసం

అందరికీ నమస్కారం. ఎలక్ట్రీషియన్, వైర్‌మన్, ఫిట్టర్ ట్రేడ్లు పూర్తిచేసి ఖాళీగా ఉన్న పిల్లలు మీ ఇంట్లోగానీ వీధిలోగానీ ఉంటే ఈ మెసేజ్ వాళ్లకు చూపించండి. ఆడపిల్లలకు కూడా.

కేంద్రం 2015లో సూర్యమిత్ర పేరుతో సోలార్ శిక్షణ మొదలుపెట్టింది. 600 గంటల కోర్సు, ఫీజు లేదు. 2024లో ఇళ్ల మీద సోలార్ పెట్టించే పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక పని బాగా పెరిగింది. కోటి ఇళ్ల మీద ప్యానెళ్లు పెట్టాలన్నది లక్ష్యం, 3 కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ. బిగించేవాళ్లు కావాలి కదా!

చేరేముందు సెంటర్‌కి వెళ్లి ఒక్కటి చూడండి: మేడ మీద నిజంగా ప్యానెళ్లు బిగించి నేర్పిస్తున్నారా, బోర్డు మీద బొమ్మలు గీసి పంపేస్తున్నారా? ఎంసీ4 కనెక్టర్ (ప్యానెళ్ల వైర్లను కలిపే ప్లగ్గు) మీ చేత్తో క్రింప్ చేయనివ్వకపోతే, అంటే వైరుకు నొక్కి బిగించనివ్వకపోతే, ఆ సర్టిఫికెట్ వల్ల లాభం లేదు. క్రింప్ వదులుగా ఉంటే అక్కడే వేడెక్కి కాలిపోతుంది.

ఇంటి వైరింగ్ వచ్చినవాళ్లే ఇక్కడ ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. మెయిన్ ఆపేసినా ఎండ ఉన్నంతసేపు ప్యానెల్లో కరెంటు ఉంటుంది. పది ప్యానెళ్లు సిరీస్‌లో కలిపితే 400 వోల్టుల డీసీ (ఒకే దిశలో పారే కరెంటు), కొన్ని ప్యానెళ్లతో అంతకు మించి కూడా వస్తుంది. లోడ్ మీద (కరెంటు పారుతూ) ఉండగా కనెక్టర్ లాగితే వచ్చే ఆర్క్ (మంటలాంటి మెరుపు) ఇంటి ఏసీ కరెంటులోలా తొందరగా ఆరదు. ముందు ఇన్వర్టర్ ఆపి, డీసీ ఐసొలేటర్ (ప్యానెళ్ల నుంచి వచ్చే కరెంటును విడదీసే స్విచ్) ఆపాకే చెయ్యి పెట్టాలి. మేడ అంచున సేఫ్టీ బెల్ట్ తప్పనిసరి; ఎవరు తొందరపెట్టినా బెల్ట్ లేకుండా ఎక్కొద్దు నాన్నా.

పదో తరగతి, ఐటీఐ సర్టిఫికెట్లు, ఆధార్ జిరాక్సులు సిద్ధంగా ఉంచుకోండి. మీ దగ్గర్లో కొత్త బ్యాచ్ సంగతి ఎవరికైనా తెలిస్తే ఇక్కడే పెట్టండి.