నాలుగో లైన్ గురించి

టాంపా,
ఆదివారం రాత్రి

అమ్మలూ,

ఫోన్‌లో నిన్ను మాట్లాడనివ్వకుండా సగం మీ అమ్మే మాట్లాడేసింది, అందుకే ఈ ఉత్తరం. ఐస్ హాకీ జట్టులో నిన్ను నాలుగో లైన్‌కి, అంటే అందరికన్నా తక్కువసేపు ఆడించే ఫార్వర్డ్‌ల గుంపుకి, మార్చారని, మ్యాచ్ మొత్తానికి ఐదారు నిమిషాలు కూడా ఐస్ మీద ఉంచడం లేదని విన్నాను. కారణం అడిగితే నీ ఎత్తు చెప్పారట. మీ అమ్మాయిల ఆటలో బాడీ చెకింగే (ఒంటితో గుద్ది ఆపడం) లేదు కదా, ఇక ఎత్తుతో ఏం పనో నాకు అర్థం కాలేదు.

మార్టిన్ సెయింట్ లూయీ అంటే నీకు అరీనా పైన వేలాడే 26వ నంబరు జెర్సీ. భీమవరంలో రొయ్యల పెట్టెల్లో తప్ప ఐస్ చూడని నేను ఈ ఆటకి అతుక్కుపోయింది ఆయన వల్లే. క్యుబెక్‌లోని లవాల్ మనిషి, ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు. వెర్మాంట్ యూనివర్సిటీలో ఆడిన నాలుగేళ్ళలో పాయింట్ల మీద పాయింట్లు (గోల్‌కీ, గోల్‌కి అందించిన పాస్‌కీ ఒక్కోటి) చేసినా, కొత్త ఆటగాళ్ళని జట్లు ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఒక్క జట్టూ పేరు పిలవలేదు. చిన్న లీగుల్లో ఆడి, చివరికి పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో కెనడా జట్టు కాల్గరీకి చేరాడు. అక్కడ ఆడింది 69 మ్యాచ్‌లు, కొట్టింది 4 గోల్స్. 2000లో లీగ్‌లోకి రెండు కొత్త జట్లు వస్తుంటే, కావాలంటే తీసుకోండని కాల్గరీ ఆయన్ని వదిలేసింది. వాళ్ళకీ అక్కర్లేకపోయింది. ఇక డబ్బు కట్టి మరీ కాంట్రాక్ట్ తెంచుకుంది.

అప్పుడు ఆయన వచ్చింది మన టాంపాకి. ఆ రోజుల్లో లీగ్‌లో అట్టడుగున ఉండే జట్టు ఇది. ఆయన కథని అందరూ పొట్టివాడి పట్టుదల కథలా చెప్తారు, నాకది సగమే నిజం అనిపిస్తుంది. కాల్గరీలో ఆడిన మనిషే ఇక్కడా ఆడాడు, ఎత్తేమీ పెరగలేదు. పెరిగింది ఐస్ మీద ఉన్న సమయం. మంచి జట్టుకి వెళ్ళుంటే మళ్ళీ బెంచీ మీదే కూర్చునేవాడేమో!

2003-04 సీజన్‌లో 94 పాయింట్లతో లీగ్‌లోనే మొదటివాడు, లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ కూడా ఆయనదే. లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఫైనల్లో ఎదురుగా ఎవరనుకున్నావు? కాల్గరీ! ఆరో మ్యాచ్ వాళ్ళ ఊళ్ళోనే, గెలిస్తే కప్పు వాళ్ళది. రెండో ఓవర్‌టైమ్ మొదలై 33 సెకన్లు. మన టిమ్ టేలర్ కొట్టిన షాట్ వాళ్ళ గోలీ కిప్రుసాఫ్‌ని తాకి పక్కకి వచ్చింది, నెట్ పక్కనే కాచుకున్న ఈయన లోపలికి నెట్టేశాడు. (అంతకుముందు వాళ్ళ జెలినా స్కేట్‌కి తగిలిన పక్ (ఆడే రబ్బరు బిళ్ళ) గోల్ గీత దాటిందని కాల్గరీ వాళ్ళు ఇప్పటికీ అంటారు. అననీ.) ఏడో మ్యాచ్ మనం 2-1తో గెలిచాం.

పాత వీడియోలు పెట్టుకుని ఆయన నడుము కింద చూడు. మోకాళ్ళు బాగా వంచి, పెద్ద డిఫెన్స్‌మన్ చేతుల కిందనుంచి దూరిపోతాడు. రింక్ మూలల్లో నువ్వు నిటారుగా లేచిపోతావు, అక్కడే పక్ పోగొట్టుకుంటున్నావు. ఇది మాత్రం కోచ్ తప్పు కాదు.

ఆయన సాధువనుకోకు. 2014లో కెనడా ఒలింపిక్ జట్టులో ముందు పేరు లేదని అలిగి, వేరే జట్టుకి మార్చమని ట్రేడ్ అడిగి న్యూయార్క్ వెళ్ళిపోయాడు. ఊరంతా తిట్టుకుంది, నేనూ తిట్టాను. ఆ మే నెలలో వాళ్ళమ్మ హఠాత్తుగా పోయింది, మర్నాడే మ్యాచ్ ఆడాడు. తర్వాతి మ్యాచ్ మదర్స్ డే నాడు, అందులో గోల్ కొట్టాడు. మీ అమ్మకి ఆయన కెరీర్ అంతా కలిపి ఆ ఒక్క గోలే గుర్తు.

ఇంటికి వచ్చేయమని అమ్మ అంటోంది. నా మాట వేరు. ఈ సీజన్ అక్కడే ఆడు, ఇచ్చిన ఐదు నిమిషాలూ ఆడు. ఈలోగా నీ మ్యాచ్‌ల క్లిప్పులు కోసి పెట్టు, వేరే జట్ల కోచ్‌లకి మెయిల్ రాద్దాం. ర్యాంకింగ్ చూడొద్దు. వచ్చే ఏడాది ఏ జట్టులో ఎంతమంది ఫార్వర్డ్‌లు వెళ్ళిపోతున్నారో చూసి, ఖాళీలు ఎక్కువున్నవి నాలుగైదు రాసి పంపించు.

స్టిక్ విరిగిందన్నావుగా, డబ్బులు వేశాను. ఈసారి పొడవు సరిచూసుకుని కొను. గ్లోవ్స్ మాత్రం బ్యాగులో మూసి పెట్టకు, పోయినసారి ఆ వాసన కారులోంచి పోవడానికి నెల పట్టింది.

నాన్న