రష్యన్ అయితే చాలు, కచేరీ ఆపేయాలా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాక ఊరుకుందామనే అనుకున్నాను గానీ నా వల్ల కాలేదు. 2025 జులైలో ఇటలీలోని కసెర్తాలో, ఆర్కెస్ట్రాలని (పెద్ద వాద్యబృందాలని) నడిపించే రష్యన్ సంగీతకారుడు గెర్గియేవ్ కచేరీ రద్దయిన సంగతితో మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి యుక్రెయిన్ యుద్ధం ఆగేదాకా రష్యన్ సంగీతకారుల్ని ఎవర్నీ ఏ వేదికా ఎక్కనివ్వకూడదని మీ వ్యాసకర్త తేల్చేశారు. గెర్గియేవ్ విషయంలో నాకు పేచీ లేదు. 2014లో యుక్రెయిన్‌లోని క్రిమియాను రష్యా కలిపేసుకుంటే మద్దతుగా సంతకం పెట్టింది ఆయనే, 2022లో మ్యూనిక్ మేయర్ గడువు పెట్టి యుద్ధం మీద మీ మాటేంటో చెప్పండి అంటే నోరు విప్పనిదీ ఆయనే. మార్చి 1న ఆ ఊరి ఆర్కెస్ట్రాలో ఉద్యోగం పోయింది, ఆయన చేసినదానికి ఆయన్ని అడిగారు, సరే. ఆ 'ఎవర్నీ' అనే మాట దగ్గరే నాకు గుచ్చుకుంది. లెనిన్‌గ్రాడ్‌లో పుట్టి 1975లో దేశం వదిలిపోయిన సెమ్యోన్ బిచ్‌కోవ్, 2018 నుంచి చెక్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాని నడుపుతున్నవాడు, యుద్ధం మొదలవగానే గట్టిగా తిట్టినవాడు, ఆ లెక్కలో ఆయన కూడా వస్తాడా?

నాకు ఈ గొడవ ఎందుకంటే, మా ఇంట్లో ఒక పాత రికార్డు ఉంది. నాన్న ఎప్పుడో సోవియట్ పుస్తకాల ప్రదర్శనలో బొమ్మల పుస్తకాలతోపాటు కొనుక్కొచ్చారు. రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ మొదటి సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద సంగీత రచన), 'చలికాలపు కలలు'. అట్ట మీద రష్యన్ అక్షరాలు మాకెవరికీ రావు. ఇదెవరి పేరు నాన్నా అంటే "కండక్టర్" అన్నారు, నేను ఆర్టీసీ అనుకున్నాను! ఆ కండక్టర్, అంటే ఎదురుగా నిలబడి చెయ్యి ఊపుతూ ఆర్కెస్ట్రాని నడిపించేవాడు, యెవ్‌గేనీ స్వెత్లానోవ్. గుడివాడలో మే నెల ఎండకి పెంకులు కాలిపోతుంటే, కరెంటు ఉన్నంతసేపూ మేం ఆ మంచు సింఫనీ వింటూ ఉండేవాళ్లం.

ఆయన 1928 సెప్టెంబరు 6న మాస్కోలో పుట్టాడు. అమ్మానాన్నా ఇద్దరూ అక్కడి పేరున్న ఒపెరా, బ్యాలే నాటకశాల బల్షోయ్ థియేటర్లో కళాకారులే, కాబట్టి పిల్లాడు ఆ తెరల చాటునే పెరిగాడు. అలెగ్జాండర్ గాఉక్ దగ్గర కండక్టింగ్ నేర్చుకుని 1955లో మాస్కో కన్సర్వేటరీ నుంచి బయటికొచ్చాడు, 1963లో బల్షోయ్‌కి చీఫ్, 1965లో యు.ఎస్.ఎస్.ఆర్. స్టేట్ సింఫనీ ఆర్కెస్ట్రాకి చీఫ్. 1936లో ఆ ఆర్కెస్ట్రా పెట్టినప్పుడు మొదట ఆ కుర్చీలో కూర్చున్నది గురువు గాఉక్కే.

ఇక మీ వ్యాసకర్త తప్పకుండా తెలుసుకోవాల్సిన సాయంత్రం 1968 ఆగస్టు 21. ముందురోజు రాత్రే సోవియట్ ట్యాంకులు చెకోస్లోవేకియాలోకి దిగాయి. ఆ రోజే లండన్ ఆల్బర్ట్ హాల్లో, ప్రామ్స్ అనే సంగీతోత్సవంలో, స్వెత్లానోవ్ ఆర్కెస్ట్రా కచేరీ. ఎప్పుడో ఖాయం చేసిన కార్యక్రమం కదా, అందులో ఉన్నది చెక్ స్వరకర్త డ్వోర్జాక్ చెల్లో కన్చెర్టో (చెల్లో అనే పెద్ద తీగ వాద్యం ముందుండి, ఆర్కెస్ట్రా తోడుగా వాయించే రచన), ఆ చెల్లో వాయించేది సోవియట్ కళాకారుడు రొస్త్రపోవిచ్. మాస్కో నుంచి వచ్చినవాళ్లు, పేరులోనే ప్రభుత్వం ఉన్న ఆర్కెస్ట్రా, వాయించేది చెక్ సంగీతం, అదీ ఆ రోజున. ఎంత టెన్షన్ పడి ఉంటారో ఊహించండి. జనం కేకలేశారు, మీ దేశం చేసిన పనికి మీరు సిగ్గుపడండి అన్నట్టు. ముప్పై తొమ్మిదేళ్ల స్వెత్లానోవ్ ఆ గోల మధ్యే కచేరీ నడిపించాడు. కన్చెర్టో అయ్యాక చప్పట్లు మోగుతుంటే రొస్త్రపోవిచ్ లేచి, కండక్టర్ స్టాండు మీదున్న స్కోరు, అంటే స్వరాలు రాసిన పుస్తకం, తీసి అందరికీ కనపడేలా పైకెత్తాడు. చెక్ స్వరకర్త రాసిన పుస్తకం అది. అప్పుడు లండన్ వాళ్లు మీ వ్యాసకర్తలాగే ఆలోచించి కచేరీ రద్దు చేసి ఉంటే ఆ పుస్తకం పైకి లేచేదా?

తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఆ ఆర్కెస్ట్రాతోనే ఉన్నాడాయన. స్టాండుకి ఒక చిన్న ఎర్ర ఫ్యాను తగిలించుకుని, చెమటలు కక్కుతూ చెయ్యి ఊపే వీడియోలు ఇప్పటికీ దొరుకుతాయి, చూడండి సరదాగా ఉంటుంది. మొత్తం రష్యన్ సింఫనీ సంగీతాన్ని రికార్డు చేసి పెట్టాలని ఆయన పట్టుదల. మ్యాస్కోవ్‌స్కీ అని ఒక రష్యన్ స్వరకర్త 27 సింఫనీలు రాసి 1950లో పోయాడు, వాటిలో చాలావాటిని వాయించే దిక్కే లేదు. ఆ 27నూ రికార్డు చేసింది స్వెత్లానోవే, అందులో చాలా భాగం 1991-93లో, అంటే దేశమే ముక్కలైపోయి జీతాలకి విలువ లేకుండా పోతున్న రోజుల్లో.

మరి 2000లో ఏమైంది? రష్యా సాంస్కృతిక మంత్రి ష్విద్‌కోయ్ స్వెత్లానోవ్‌ని ఆ ఆర్కెస్ట్రా నుంచి తీసేశాడు. కారణం, విదేశాల్లో ఎక్కువ ఉంటున్నారు, మాస్కోలో తక్కువ అని. అందులో నిజం లేకపోలేదు. 1992 నుంచి నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో ఒక ఆర్కెస్ట్రా, 1997 నుంచి రెండేళ్లు స్వీడిష్ రేడియో ఆర్కెస్ట్రా కూడా ఆయన చేతిలో ఉన్నాయి. అయినా ముప్పై అయిదేళ్లు నడిపినవాడిని పంపే పద్ధతి అదా? లండన్లో మాస్కో మనిషని కేకలు తిన్నాడు, మాస్కోలో విదేశాల మనిషని ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఇప్పుడేమో ఆ ఆర్కెస్ట్రా పేరులోనే స్వెత్లానోవ్ అని ఉంది, మాస్కోలో ఒక పెద్ద హాలుకీ ఆయన పేరే. (పోయాక పేర్లు పెట్టడంలో మనకీ వాళ్లకీ పెద్ద తేడా లేదు లెండి.)

2002 ఏప్రిల్‌లో, ఆరోగ్యం బాగా లేకపోయినా, బి.బి.సి. ఆర్కెస్ట్రాతో వాయించడానికి మళ్లీ ఆ లండన్‌కే వెళ్లాడు. ఆ రాత్రి కార్యక్రమంలో రష్యన్ స్వరకర్త రాఖ్మానినోవ్ రాసిన 'గంటలు', దాంతోపాటు మా రికార్డులో ఉన్న ఆ చైకోవ్‌స్కీ మొదటి సింఫనీయే. రెండు వారాలకి, మే 3న పోయాడు. ఆ కచేరీ రికార్డింగు దొరుకుతుంది, మీ వ్యాసకర్తకి కావాలంటే పంపిస్తాను.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
గుడివాడ